పొగలు కక్కే ఎద్దు కోసం డర్హమ్ వెళ్ళాను!

'బుల్ డర్హమ్' (1988) చూసినవాళ్ళకి ఆ ఎద్దు బొమ్మ గుర్తుండే ఉంటుంది. మనవాడు హోమ్ రన్ కొట్టాడా, కళ్ళెర్రజేసి, తోకాడించి, ముక్కుల్లోంచి పొగ వదిలేస్తుంది!

ఉత్తర కరోలినాలో ఉద్యోగం చేస్తున్న మా బావని బతిమాలి బయల్దేరాను. తీరా వెళ్ళి చూద్దును కదా, ఎద్దు ఉంది గాని మైదానం అది కాదు! ఇది 1995లో కట్టిందట. అసలుది ఊళ్ళో ఇంకోచోట ఉంది.

డర్హమ్ పొగాకు ఊరు (మన గుంటూరువాళ్ళు గమనించాలి). 1902లో జట్టు పేరే 'టొబాకోనిస్ట్స్'. తర్వాత 'బుల్ డర్హమ్' పొగాకు పుణ్యమా అని 'బుల్స్' అయ్యింది. 1926లో పాత మైదానం ప్రారంభోత్సవానికి బేస్‌బాల్ కమిషనర్ లాండిస్‌గారు నిజం ఎద్దునెక్కి వచ్చారు! 1939లో చెక్క స్టాండ్లు కాలిపోతే, మళ్ళీ కాంక్రీటుతో కట్టారు.

కెవిన్ కాస్ట్నర్ ఆడింది అక్కడే. దర్శకుడు రాన్ షెల్టన్ కూడా ఒకప్పుడు చిన్న లీగుల్లో ఆడినవాడే. ఎద్దు మాత్రం ఉత్త సెట్టింగు, సినిమావాళ్ళు పెట్టిందే! సినిమా ఆడింది. జనం విరగబడ్డారు. పాత మైదానం ఇరుకైపోయింది. ఏ సినిమా దానికి పేరు తెచ్చిందో, ఆ సినిమా తెచ్చిన జనమే జట్టుని దాన్నుంచి తీసుకుపోయారన్నమాట.

మేం వెళ్ళేసరికి గేటుకి తాళం. ఊచల్లోంచి గుండ్రటి టిక్కెట్ బురుజు, ఖాళీ స్టాండ్లు కనిపించాయి. నాకు కదలబుద్ధి కాలేదు.

"టిక్కెట్ లేకుండా ఎంతసేపు చూస్తావ్? పద!" అన్నాడు బావ.