చేతులు మారిన టోకు అంగడి

2022 డిసెంబరు 22వ తేదీన రిలయన్స్ రిటైల్ వెంచర్స్ వారు ఒక ప్రకటన చేశారు. జర్మనీకి చెందిన మెట్రో కంపెనీ మన దేశంలో నడుపుతున్న టోకు వ్యాపారాన్నంతా 2,850 కోట్ల రూపాయలకు కొంటున్నామని దాని సారాంశం. ఆ వార్త వచ్చిన మరునాడు, తిరుపతిలో మా కాలేజీ స్టాఫ్ రూములో, వాణిజ్యశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన పత్రికను బల్లమీద పరిచి, "పోయినారండీ దొరలు! మనవాడు కొనేసినాడు" అన్నాడు. అక్కడున్న నలుగురమూ నవ్వాము. అందులో నేనూ వున్నాను. ఇంటికి పోయిన తర్వాత గాని నాకు సిగ్గు వేయలేదు. ముకేశ్ అంబానీ ఒక అంగళ్ల వరసను కొంటే నేను సంతోషించడమేమిటి?

ఆ సంతోషానికి మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే అది 2012లో తేలింది. ఆ యేడాది సెప్టెంబరు 14న కేంద్ర మంత్రివర్గం చిల్లర వర్తకంలోకి 51 శాతం దాకా విదేశీ పెట్టుబడిని రానిచ్చింది. 20న దేశమంతటా బంద్. నేనప్పుడు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. గాంధీరోడ్డు మీదుగా ఊరేగింపుగా పోయి నాలుగుకాళ్ల మండపం దగ్గర ఆగినప్పుడు, మైకు నా చేతికిచ్చారు. ఈస్టిండియా కంపెనీతో మొదలుపెట్టి వాల్‌మార్టు దాకా ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఉమ్మడి రాష్ట్రానికి అప్పుడు ముఖ్యమంత్రి మా జిల్లావాడే, కిరణ్‌కుమార్‌రెడ్డి; విదేశీ పెట్టుబడికి సరేనన్న రాష్ట్రాల్లో ఆయన ప్రభుత్వం ఒకటి. అందుచేత మా నినాదాలకు ఇంటి కోపం కూడా తోడైంది. సాయంత్రం చిత్తూరుకు ఫోను చేస్తే మా నాయన, "అంగడి మూసినాలేరా. నువ్వు ఎండలో తిరగొద్దు" అన్నాడు.

ఆ ఉపన్యాసాన్ని ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే ఒక సంగతి తెలుస్తున్నది. అందులో "విదేశీ" అన్నమాట లెక్కలేనన్నిసార్లు వుంది. స్వదేశపు పెట్టుబడిదారు పేరు ఒక్కటి కూడా లేదు. అప్పటికి నాకు తెలియకపోలేదు. రిలయన్స్ వారి మొదటి కూరగాయల అంగళ్లు 2006 నవంబరులో మన హైదరాబాదులోనే తెరుచుకున్నాయి. మరు సంవత్సరం ఉత్తరాదిన చిన్న వర్తకులు వాటిమీద తిరగబడితే, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆగస్టులో ఆ అంగళ్లను మూయించింది కూడా. అయినా మండపం దగ్గర అదేదీ నా నోటికి రాలేదు. తెల్లదొరను తిడితే వినేవాళ్లంతా చప్పట్లు కొడతారు. మన దొరను తిడితే సగం మంది ఆలోచనలో పడతారు. చప్పట్లు కోరుకున్నవాణ్ణి నేను.

జాతీయ బూర్జువా వర్గం అనేదొకటి వున్నదా, వుంటే అది సామ్రాజ్యవాదాన్ని ఎంతదాకా ఎదిరిస్తుంది అనే ప్రశ్నమీద మన పెద్దలు రాసిన కాగితాలు గుట్టలుగా వున్నాయి. 1964లో పార్టీ రెండుగా చీలడానికి వున్న కారణాల్లో అదీ ఒకటి. మేము ఆ కాగితాలు తిరగేయకుండానే, ఒక్క నినాదంతో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేశాము.

ఇంతకూ అమ్ముడుపోయింది ఏమిటి? మెట్రోవారు 2003లో బెంగుళూరులో మొదటి అంగడి పెట్టారు. అది మనలాంటివాళ్లు సంచీ పట్టుకుని పోయే అంగడి కాదు. టోకు వర్తకంలో నూటికి నూరుపాళ్లు విదేశీ పెట్టుబడికి అనుమతి వుండేది గనుక, చిల్లర అంగళ్లవాళ్లకూ హోటళ్లకూ క్యాంటీన్లకూ మాత్రమే కార్డు ఇచ్చి, రొక్కానికి సరుకు అమ్మేవారు. అమ్మేనాటికి 21 నగరాల్లో 31 అంగళ్లు, ఏడాదికి 7,700 కోట్ల రూపాయల అమ్మకం. వారి పుస్తకాల్లో ఎక్కిన వర్తకులు 30 లక్షల మందికి పైగా వున్నారని చెప్పారు. నా ఉద్దేశంలో 2,850 కోట్లకు కొన్నది గోడల్నీ గిడ్డంగుల్నీ కాదు, ఆ పట్టీని. ఏ వీధిలో ఏ అంగడి వుంది, వారానికి ఎన్ని నూనె ప్యాకెట్లు, ఎన్ని సబ్బులు తీసుకుంటుంది అన్నది తెలిసినవాడికి ఆ వీధి తెలిసినట్టే. 2023 మార్చిలో కాంపిటీషన్ కమిషన్ ఒప్పుకున్నది. మే 11న అప్పగింత అయిపోయింది.

ఇది మన దేశానికే వచ్చిన వింత కాదు. అదే మెట్రోవారు చైనా వ్యాపారాన్ని 2020లో ఊమెయ్ అనే అక్కడి కంపెనీకి అప్పజెప్పారు. అదే సంవత్సరం బ్రిటిషు టెస్కోవారు థాయ్‌లాండులోని అంగళ్లను అక్కడి కుబేరుల కుటుంబానికి చెందిన సి.పి. గ్రూపుకు అమ్ముకుని పోయారు. యూరపు దొర మూట సర్దుకున్నచోట స్థానిక కోటీశ్వరుడు దిగుతున్నాడు. దీన్ని స్వాతంత్ర్యం కింద లెక్కవేసేవాళ్లూ వున్నారు; స్టాఫ్ రూములో ఆ నిమిషం నేను వేసిన లెక్క కూడా అదే.

కాని "మనవాడి" ఇంట్లో కూర్చున్నదెవరు? 2020 ఏప్రిలులో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటా తీసుకున్నది. ఆ యేడాది చివరలో అమెరికా పెట్టుబడి సంస్థలూ సౌదీ అరేబియా రాజ్యనిధీ మరికొందరూ కలిసి రిలయన్స్ రిటైల్లో 47,265 కోట్లు పెట్టారు. 2023లో కతారువారు ఒక శాతానికి కొంచెం తక్కువ వాటాకు 8,278 కోట్లు ఇచ్చారు. అంటే జర్మనీవాడు వీధి వాకిలిగుండా బయటికి పోయేసరికి, అమెరికావాడూ అరబ్బువాడూ పెరటి వాకిలిగుండా వచ్చి పీట వేసుకునే వున్నారు. అటు చూస్తే, 2018లో వాల్‌మార్టు 1,600 కోట్ల డాలర్లు పోసి 77 శాతం కొన్న ఫ్లిప్‌కార్టును మనం ఇంకా బెంగుళూరు కుర్రాళ్ల కంపెనీగానే చెప్పుకుంటున్నాము. మా జిల్లా పాలతో పెరిగిన హెరిటేజ్ వారి చిల్లర అంగళ్లు 2016 ఒప్పందంతో ఫ్యూచర్ గ్రూపుకు పోయాయి. ఆ ఫ్యూచర్ వ్యాపారాన్ని 2020లో రిలయన్సు 24,713 కోట్లకు బేరమాడితే, అమెరికా అమెజాన్ కోర్టుకెక్కి అడ్డుపడింది. 2022 ఏప్రిలులో అప్పులిచ్చిన బ్యాంకులు ఒప్పుకోక బేరం చెడింది. అప్పటికే చాలా అంగళ్లు, అద్దె ఒప్పందాల రూపంలో, రిలయన్సు చేతికి వచ్చేశాయి. ఇందులో స్వదేశం ఎక్కడ మొదలవుతుందో, విదేశం ఎక్కడ ముగుస్తుందో గీత గీసి చూపగలిగినవారికి నమస్కారం.

ఈ అంకెలన్నీ ఆకాశంలోవి. నేల మీద ఏమైందో చెప్పాలంటే మా అంగడి సంగతి చెప్పాలి.

చిత్తూరు సంతపేటలో మా నాయన అంగడి పన్నెండడుగుల వెడల్పు. మేస్త్రీలు, ఆటోవాళ్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజనుకు పనిచేసే ఆడవాళ్లు దాని ఖాతాదారులు. నెలంతా అప్పు, పదో తారీకుకు కొందరు, మామిడికాయల సీజనులో కొందరు తీరుస్తారు. నాయనకు సరుకు బజారువీధిలో ఒక శెట్టిగారి మండీనుంచి వచ్చేది. ఆయన పదిహేను రోజులు గడువిచ్చేవాడు. శెట్టిగారు పదిహేను రోజులు ఆగుతాడు గనుక నాయన నెల రోజులు ఆగగలిగేవాడు. ఈ ఒక్క వాక్యంలో మా యింటి ఆర్థికశాస్త్రమంతా వుంది. నా చదువు కూడా అందులోంచే వచ్చింది.

శెట్టిగారు పుణ్యాత్ముడని నేననను. గడువుకు తగ్గ వడ్డీ ధరలోనే కలిపేవాడు. పప్పు మూట తూకం వేస్తే అరకిలో తరుగు వుండేది. అడిగితే, "ఎలకలు తిన్నాయేమో" అనేవాడు. మూటలు మోసే హమాలీలిద్దరికి కూలి పెంచమంటే ఆయన చెవులు వినిపించేవి కావు. మన అభ్యుదయ కథల్లో వచ్చే షావుకారు ఇట్లాంటివాడే. వాణ్ణి చీల్చి చెండాడిన కథలు నేను తరగతిలో పాఠంగా చెప్పాను, బాగా చెప్పానని పిల్లలు అన్నారు కూడా. ఆ పాఠం చెప్పిన నోటితోనే, చిన్న వర్తకుణ్ణి కాపాడాలని ఉపన్యాసం ఇచ్చాను. రెండూ పొసగవని అప్పుడు తోచలేదు.

2021లో ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చి, ఫోనులోనే సరుకు ఆర్డరు పెట్టే ఏర్పాటు వుందని నాయనకు చెప్పాడు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం, అట్లాంటివి నాలుగైదున్నాయి. ఆ ఆదివారం నేను యింట్లోనే వున్నాను. యాప్ ఎక్కించి, ఎట్లా నొక్కాలో నాయనకు నేర్పింది నేనే. నూనె ప్యాకెట్టుకు మూడు రూపాయలు తక్కువ, తూకంలో తరుగు లేదు, మరునాటికి సరుకు గడప ముందుకు. "శెట్టికి బుద్ధి వస్తాదిరా" అని నాయన మురిసిపోయినాడు. ఎన్నేళ్ల కోపమో అది. నాకూ న్యాయంగానే కనిపించింది.

మొదటి సంవత్సరం బాగానే నడిచింది. తర్వాత ఆ మూడు రూపాయలు ఒక రూపాయి అయింది. ఫలానా బిస్కట్లు రెండు పెట్టెలు తీసుకుంటేనే ఈ ధర అన్నారు. ఆ బిస్కట్లు సంతపేటలో ఎవరూ తినరు. అన్నిటికంటె ముఖ్యం, గడువు లేదు. డబ్బు కడితేనే బండి కదులుతుంది. ఇటు ఖాతాదారులకు మాత్రం యథాప్రకారం నెల రోజులు కావాలి. పైన ఎన్ని వేల కోట్లున్నా అక్కడ ఒక్కరోజు అప్పు పుట్టదు. అందరికంటె చివర నిలబడినవాడు మాత్రం అందరికీ అప్పివ్వాలి. శెట్టిగారి దగ్గరికి తిరిగి పోదామంటే, 2023లో ఆయన మండీ మూసి సెల్‌ఫోన్ల అంగడికి అద్దెకిచ్చాడు. హమాలీల్లో ఒకడు ఇప్పుడు కంపెనీ సరుకు తెచ్చే వ్యానులోనే మూటలు దింపుతున్నాడు, కాంట్రాక్టరు కింద. "పాత మొగమే గదా" అని నాయన వాడికి టీ ఇప్పిస్తాడు.

అయితే దీన్ని కేవలం పాతకాలపు మంచితనం పోయిందన్న ఏడుపుగా రాయడానికి నాకు ధైర్యం లేదు. నా దగ్గర బి.ఏ. చదివిన ఒక అమ్మాయి తిరుపతిలో ఒక పెద్ద సూపర్ మార్కెట్టులో బిల్లులు కొడుతుంది. ఒకనాడు వరసలో నా వంతు వచ్చినప్పుడు, ఇట్లా ఒక వ్యాసం రాస్తున్నానని చెప్పాను. "ముందు బజారులో ఒక కిరాణా అంగట్లో చేసినాను సార్. ఏడువేలు, ఆదివారం కూడా రమ్మనేవాళ్లు. ఇక్కడ పదకొండు వేలు, పి.ఎఫ్. వుంది. కూర్చోడానికి మాత్రం లేదు, పది గంటలూ నిలబడాల్సిందే" అన్నది. ఓనరు మారితే మీకేమైనా తేడా వుంటుందా అని అడిగాను. "మాకెట్లా తెలుస్తుంది సార్? టీషర్టు రంగు మారితే అనుకోవాల" అని నవ్వి, వెనక నిలబడిన ఆయన సామాన్లు అందుకున్నది. ఈ అమ్మాయికి నేను మండపం దగ్గర ఇచ్చిన ఉపన్యాసంలో చోటు లేదు. హమాలీకీ లేదు. దొర, వర్తకుడు — వీళ్లిద్దరే అందులో మనుషులు. రేపు మళ్లీ ఎవరైనా మైకు ఇస్తే, జెండా ఏ దేశానిది అన్న ప్రశ్నకంటె ముందు, గడువు ఎవరిస్తున్నారు, కుర్చీ ఎవరికుంది అని అడగగలనో లేదో నాకు నమ్మకం లేదు. చప్పట్ల రుచి అంత తొందరగా పోదు.

పోయిన నెల ఆదివారం చిత్తూరు పోయినాను. నాయన ఫోనులో ఆర్డరు పెట్టుకుని కూర్చున్నాడు: 18,640 రూపాయలు. చేతిలో వున్నది ఆరువేలు. మేస్త్రీకి బిల్లు రాలేదట, ఫ్యాక్టరీ ఆడవాళ్లకు ఇంకా పని మొదలు కాలేదు. చాలాసేపు అటూ యిటూ సర్ది, చివరకు ఫోను నాకిచ్చి, "ఈసారికి నువ్వు కట్టురా. పదో తారీకుకు ఇస్తా" అన్నాడు. నా ఖాతాలోంచి కట్టాను. కట్టిన వెంటనే తెరమీద తెలుగులో "దన్యవాదాలు" అని వచ్చింది, వత్తు లేదు.

నాకిచ్చేది ఏముందిలే అన్నాను. నాయన వినిపించుకోలేదు. అప్పుల నోటుపుస్తకం తీసి, తిరగేసి, వెనకవైపు మొదటి పేజీ తెరిచాడు. ఒకప్పుడు శెట్టిగారికి ఇవ్వాల్సిన లెక్క రాసుకునే పేజీ అది. పాత లెక్కలన్నీ అడ్డంగా కొట్టేసి వున్నాయి. వాటి కింద తారీకు వేసి, నా పేరు రాసి, 18,640 అని వేసినాడు.