సౌలు చనిపోయిన రోజున



2025 జూలై 22న ఆజీ ఆస్బోర్న్ అనే రాక్ గాయకుడు ఇంగ్లండులో తన 76 ఏళ్ళ వయసులో చనిపోయాడు. మన ఊళ్ళలో పెద్దవారికి ఆ పేరు తెలియదు, కానీ యౌవనస్థులకు తెలుసు. రెండు రోజులు గడవకముందే మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి తిరిగింది. సాతాను గాయకుడు నరకానికి పోయాడనీ, దేవునికి స్తోత్రమనీ దాని సారాంశం. దాని కింద పదిమంది దాకా ‘ఆమేన్’ అని పెట్టారు. అదే గ్రూపులో ఉన్న మన సంఘపు బిడ్డ ఒకడు బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్నాడు. వాడు మాకు విడిగా రాశాడు: “వందనాలు అయ్యగారూ. జూలై 30న ఆయన శవయాత్ర మా రోడ్డు మీదుగా వెళ్ళింది. నేనూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఇది పాపమా అయ్యగారూ?”

వాడికి జవాబు ఫోనులోనే చెప్పాము. ఇక్కడ రాస్తున్నది ఆ ‘ఆమేన్’ పెట్టినవారి కోసం.

ఆయన బ్రతుకులో చీకటి లేదని మేము చెప్పబోవడం లేదు. ఆయన పాడిన బృందం పేరు బ్లాక్ సబ్బాత్. ఒక దయ్యాల సినిమా పేరు చూసి పెట్టుకున్నారు. విశ్రాంతి దినానికి ‘నల్ల’ అని తగిలించడం మన చెవికి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. తాగుడు, మత్తుమందులు ఆయనను ఏళ్ళ తరబడి తినేశాయి. 1989లో ఆ మత్తులోనే భార్య గొంతు పట్టుకుని అరెస్టయ్యాడు. ఇవన్నీ నిజాలే. అభిమానులకూ తెలుసు.

మనకు తెలియనివి కొన్నున్నాయి. బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అనే పేట ఆయనది, అంతా ఫ్యాక్టరీ కూలీల ఇళ్ళు. తండ్రి రాత్రి షిఫ్టులో పనిముట్లు తయారుచేసేవాడు. ఈయన 15 ఏళ్ళకే బడి మానేశాడు, కబేళాలో పనిచేశాడు, దొంగతనం చేసి జైలుకు వెళ్ళాడు. బృందంలో గిటారు వాయించే టోనీ అయోమీ 17 ఏళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీ యంత్రంలో రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని మళ్ళీ వాయించాడు. ఆ బరువైన శబ్దం అలాంటి చేతుల నుండి వచ్చింది. వాళ్ళ మెడల్లో వేలాడిన లోహపు సిలువలు చేసి ఇచ్చింది ఆజీ తండ్రే. 1971లో ‘ఆఫ్టర్ ఫరెవర్’ అని ఒక పాట చేశారు. అది దేవుణ్ణి ఎగతాళి చేసేవారిని నిలదీసే పాట. కేథలిక్కుగా పెరిగిన గీజర్ బట్లర్ రాశాడు. ‘ఆమేన్’ పెట్టినవారిలో దాన్ని విన్నవారు ఎందరు?

ఆ నగరంలో బ్రాడ్ స్ట్రీట్ దగ్గర కాలువ మీది వంతెనకు ఈ బృందం పేరే పెట్టారు. అక్కడ నలుగురి ముఖాలున్న బెంచీ ఒకటుంది. జనం పూలు, ఉత్తరాలు తెచ్చి దాని చుట్టూ పెట్టారు. భార్యాపిల్లలు వచ్చి ఆ పూలు చూసి ఏడ్చారు. మన బిడ్డ పక్కన ఒక ముసలాయన నిలబడ్డాడట, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. “నాకు ఎవరూ లేని రోజుల్లో ఈ గొంతు ఉండింది” అన్నాడట. ఈ మాట విన్నప్పటి నుండి మాకు మనసులో ఒక ప్రశ్న తిరుగుతోంది. ఆ రోజుల్లో ఆ వీధిలో సంఘం లేదా? ఉండే ఉంటుంది. ఆయన తలుపు ఎవరూ తట్టలేదేమో.

సమూయేలు రెండవ గ్రంథము మొదటి అధ్యాయము తీసి చదవండి. సౌలు చనిపోయాడు. వాద్యం వాయిస్తున్న దావీదు మీదికి ఈటె విసిరినవాడు, కొండల్లో వేటాడినవాడు, చివరికి ఏన్దోరులో కర్ణపిశాచముగల స్త్రీ దగ్గరకు వెళ్ళినవాడు ఈ సౌలే. చీకటి సంగతి మాట్లాడాలంటే ఇంతకంటే ఏం కావాలి? ఒక అమాలేకీయుడు కిరీటం పట్టుకుని, శుభవార్త తెచ్చాననుకుని పరుగెత్తి వచ్చాడు. దావీదు బట్టలు చింపుకున్నాడు, సాయంత్రం వరకు ఉపవాసముండి ఏడ్చాడు. ఆ కబురు గాతులో చెప్పవద్దన్నాడు, ఫిలిష్తీయులు పండుగ చేసుకుంటారని. విలాప గీతం రాసి యూదావారికి నేర్పించాడు. అందులో ఈటె లేదు, ఏన్దోరు లేదు. సౌలు వలన ఇశ్రాయేలు స్త్రీలకు కలిగిన మేలు ఉంది.

దావీదు సౌలును నీతిమంతుడని అనలేదు, గమనించండి. తీర్పు దేవునికి వదిలి, తాను ఏడ్చాడు, అంతే. గ్రూపులో ఆ మెసేజి తిప్పినవారు అమాలేకీయుడిలా పరుగెత్తారు. ఈ మాట కఠినంగా ఉందని తెలిసే రాస్తున్నాము. ఆ బిడ్డ మాత్రం దావీదు పక్కన నిలబడ్డాడు.

ఇంకొక్క సంగతి. చనిపోవడానికి 17 రోజుల ముందు, జూలై 5న, తాను పెరిగిన ఆస్టన్‌లోనే ఆయన చివరిసారి పాడాడు. పార్కిన్సన్స్, అంటే మన వాళ్ళు వణుకుడు జబ్బు అనేది, ఆయనను నిలబడనివ్వలేదు. కుర్చీలో కూర్చునే పాడాడు. అది ఆ జబ్బు మీద పనిచేసే సంస్థకు, పిల్లల ఆసుపత్రికి, మరణానికి దగ్గరైన పిల్లలను చూసుకునే ఆశ్రమానికి డబ్బు పోగుచేసే కచేరీ.

మన సంఘంలోనూ ఆ జబ్బుతో ఒక తాతగారున్నారు. ప్రభు బల్ల రోజున రసం ఒలికిపోతుందని గిన్నె అందుకోకుండా వెనుకే కూర్చుంటున్నారు. వచ్చే ఆదివారం యౌవనస్థులలో ఎవరైనా ఆయన పక్కన కూర్చుని చేయి పట్టుకోండి.