ఎక్కడికి తీసుకెళ్దాం?

మేడ మీద ఆరేసిన బట్టలన్నీ చేతుల నిండా పట్టుకుని దిగుతున్నాను. కాళ్ల కింద ఏముందో కనబడదు. మెట్లు అయిపోయాయనుకుని అడుగేశాను. ఇంకొకటి మిగిలే ఉంది! ఎడమ పాదం లోపలికి మడతపడింది. ఎండుపుల్ల విరిగినట్టు చిటుక్కుమన్న చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. ఇంత జరిగినా ఒక్క బట్ట కూడా నేలకు తగలనివ్వలేదు. మళ్లీ ఉతకాలంటే ఎవరికి ఓపిక!

శనివారం సాయంత్రం ఆరు దాటింది. పది నిమిషాల్లో పాదం బూరెలా పొంగింది. ఇంకో పది నిమిషాల్లో మా హాల్లో సభ మొదలైంది.

అత్తయ్య ఉప్పూ చింతపండూ ఉడికించి పట్టు వేస్తానంటూ వంటింట్లోకి వెళ్లింది. పక్కింటావిడ ఫ్రిజ్‌లోంచి ఐసుముక్కలు తెచ్చింది. వేడి పెట్టాలా, చల్లన పెట్టాలా అని వాళ్లిద్దరికీ కాసేపు వాదన. మా ఆయనది ఒకటే మాట, తెల్లవారుజామున బయల్దేరి పుత్తూరు పోదామని. "ఈ కాలంలో కట్లేమిటన్నా, చెన్నై తీసుకుపో" అన్నాడు మరిది. సోమవారం దాకా ఆగి దేవస్థానం వాళ్ల బర్డ్ ఆసుపత్రికి వెళ్తే ఎముకల డాక్టర్లందరూ ఒకేచోట ఉంటారని ఇంకొకరు. హైదరాబాదు నుంచి మా అబ్బాయి వీడియో కాల్‌లో "అమ్మా, కాలు ఇటు తిప్పు, అటు తిప్పు" అంటూ అక్కడి నుంచే వైద్యం చేస్తున్నాడు.

తిరుపతిలో ఉంటున్నవాళ్లం. మా వైపు పుత్తూరు పేరు తలవకుండా ఎముక విరగదు. నేనేమీ దాన్ని తీసిపారేసేదాన్ని కాను. మా తమ్ముడు ఎనిమిదో తరగతిలో చింతచెట్టు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంటే నాన్న అక్కడికే తీసుకెళ్లాడు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. వాడు ఆ చేత్తోనే ఇప్పుడు లారీ స్టీరింగు తిప్పుతున్నాడు.

అందరూ మాట్లాడుతున్నారు. మాటమాటకీ "ఎక్కడికి తీసుకెళ్దాం?" అంటున్నారు. ఆ మాట విన్నకొద్దీ నాకు కాలి నొప్పి కంటే వేరే భయం పట్టుకుంది.

1998లో మా నాన్నకు శనక్కాయల చేలో కుడి పాదంలో కంపముల్లు దిగింది. ఆయనకు అప్పటికే పన్నెండేళ్లుగా షుగరు. ముల్లు దిగిన సంగతి ఆయనకే తెలియలేదు. రాత్రి కాళ్లు కడుక్కునేటప్పుడు అమ్మ చూసి పీకింది. నాలుగో రోజుకు చీము పట్టింది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు సూది వేసి, పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడు. పాపం, ఆయన మాట ఆయన చెప్పాడు.

ఇక అప్పుడు మొదలైంది. రుయాకు వెళ్దామని చిన్నాన్న. ఎందుకొచ్చిన బాధ, నేరుగా రాయవేలూరు పోదామని మామయ్య. చిత్తూరులో తెలిసిన సర్జనున్నాడని మరొకరు. డబ్బులెవరు సర్దాలి, తోడెవరు పోవాలి, శనక్కాయలు పీకడం అయ్యాక పోతే కాదా... ఇలా పది రోజులు. మధ్యలో నాన్న "నొప్పేమీ లేదు కదరా, తొందరేముంది?" అంటూ ఉండేవాడు. నిజంగానే ఆయనకు నొప్పి లేదు. మేమందరం దాన్ని మంచి శకునం అనుకున్నాం.

చివరికి చేరిన చోట మోకాలి కింద దాకా తీసేశారు. మొదటి వారంలోనే వచ్చి ఉంటే బహుశా వేలుతో పోయేదని అక్కడి డాక్టరు అన్నాడు. ఏ ఆసుపత్రికన్నది ఆయన అడగనే లేదు. నాన్న ఆ తర్వాత ఏడేళ్లు ఉన్నాడు. చెప్పులు కొంటే జత కొనక తప్పదు కదా, రెండోది అటకెక్కేది. ఆయన పోయాక అటక మీద నాలుగు కుడి చెప్పులు దొరికాయి.

"ఆటో పిలవండి" అన్నాను. "మన వీధి చివర ఎముకల డాక్టరు ఉన్నాడు. ముందు ఫిల్ము తీయిద్దాం. పుత్తూరో, చెన్నయ్యో తర్వాత చూడొచ్చు." అత్తయ్య చేతిలో చింతపండు గిన్నె అలాగే ఉండిపోయింది.

డాక్టరు కుర్రవాడు. పాదాన్ని చూస్తూనే ఎక్స్‌రే రాయలేదు. చీలమండ ఎముకల వెనక నొక్కాడు. పాదం లోపలి పక్క నొక్కాడు. బయటి అంచున, చిటికెన వేలి ఎముక మొదలయ్యే చోట నొక్కగానే కెవ్వుమన్నాను. నాలుగడుగులు వేయమంటే రెండో అడుగుకే మా ఆయన భుజం పట్టుకున్నాను. కెనడాలో ఒట్టావా డాక్టర్లు 1992లో ఈ పద్ధతి చెప్పారట. ఆ చోట్ల నొక్కితే నొప్పి లేక, నాలుగడుగులు నడవగలిగితే సాధారణంగా ఎక్స్‌రే అక్కర్లేదట.

"కాకపోతే పాదంలో స్పర్శ తగ్గినవాళ్ల విషయంలో దీన్ని నమ్మలేం. మీకు షుగర్ ఉందామ్మా?" అన్నాడు.

నేను మా ఆయన వైపు చూడలేదు. రెండేళ్ల కిందట మా స్కూల్లో పెట్టిన క్యాంపులో ఉందన్నారు. ఆ చీటీ బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. మళ్లీ పరీక్ష చేయించుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. అటక మీద చెప్పులు లెక్కపెట్టిన మనిషిని నేనే! అక్కడే వేలు గుచ్చి చూశారు. 248.

ఫిల్ములో చిటికెన వేలి ఎముక మొదట్లో సన్నని గీత. అదే గీత ఇంకాస్త ముందుకు, గోరంత దూరంలో ఉంటే రక్తప్రసారం తక్కువ కాబట్టి అతకడం కష్టమయ్యేదట, ఆపరేషన్ దాకా వెళ్లొచ్చట. అలా విరిగితే జోన్స్ ఫ్రాక్చర్ అంటారు. రాబర్ట్ జోన్స్ అనే ఇంగ్లండు సర్జను డ్యాన్సు చేస్తూ తన పాదమే అలా విరగ్గొట్టుకుని, 1902లో దాని గురించి రాశాడట. ఆయన డ్యాన్సులో పడ్డాడు, నేను బట్టలతో పడ్డాను.

ఆ తర్వాత డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని, సన్నని నైలాను పోగుతో రెండు అరికాళ్లూ అక్కడక్కడా తాకుతూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. ఎముక విరిగినప్పుడు పడని చెమట అప్పుడు పట్టింది. అన్నీ చెప్పగలిగాను. ఎడమ బొటనవేలి కింద ఒకచోట మాత్రం తగిలిందో, తగిలిందనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

"పుత్తూరు వెళ్లొచ్చా సార్?" అని మా ఆయన మొహమాటపడుతూనే అడిగాడు. ఆయన కోప్పడలేదు. "ఈ గీత దాదాపు దానంతటదే అతుక్కుంటుంది. నాకు భయం ఎముక గురించి కాదు. ఈమెకు షుగర్ ఉంది. విప్పకుండా ఉంచే కట్టు, అది ఎవరు కట్టినా, నేను సిమెంటు కట్టు వేసినా సరే, లోపల ఒరుసుకుంటే తెలియకపోవచ్చు. రోజూ విప్పి చూసుకోగలిగేది కావాలి" అన్నాడు. అలా గట్టి అడుగున్న బూటు వచ్చింది. ఆరు వారాలు, మాత్రలతో సహా.

పుత్తూరు పోయి ఉంటే మూడు కట్లతో అయిపోయేదని అత్తయ్య ఇప్పటికీ అంటుంది. మా మరిది చెన్నై మాట మానలేదు. మా ఆయన మాత్రం రోజూ రాత్రి పడుకోబోయే ముందు టార్చిలైటు తెచ్చుకుని నా అరికాళ్లు, వేళ్ల సందులూ వెతుకుతాడు.

"పెళ్లయిన ఇన్నేళ్లకు నాచేత కాళ్లు పట్టించావు కదే" అని గొణుగుతూనే, బొటనవేలి కింద ఇంకోసారి చూస్తాడు.