చేతికి తెలిసిన చోటు

మా అత్తయ్యగారికి ఎనభై దాటాయి. ఆవిడ పెళ్ళినాటి కబుర్లు, పురుళ్ళ కబుర్లు రాసిపెట్టుకోవాలని నా ఆశ. ఈమధ్య చెప్పిందే చెబుతున్నారు, కొన్ని పేర్లు మర్చిపోతున్నారు. అందుకే నాకు తొందర.

మొదట ఫోన్లో రాశాను. నెల తిరిగేసరికి సీసా మూత తిప్పలేనంతగా బొటనవేలు నొప్పి. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్క్రిప్ట్ నేర్పింది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడివైపు. తలకట్టు ఒత్తు లెక్క తెలిసినవాళ్ళకి తేలికే. కానీ అ, ఆ, ఇ లాంటి అచ్చులకి షిఫ్ట్ నొక్కాలి. ఎడమచేత్తో అచ్చు కొట్టాలంటే కుడి చిటికెనవేలు షిఫ్ట్ మీదికి వెళ్ళాలి. మా ల్యాప్‌టాప్‌లో ఆ మీట చిన్నది, పక్కనే పైకి వెళ్ళే బాణం గుర్తు. 'ఆ' అని కొట్టబోతే పై వరుసలో ఎక్కడో ఓ దీర్ఘం వెళ్ళి పడేది! అది వెతికి సరిచేసేలోపు అత్తయ్యగారు కబురు మర్చిపోయేవారు.

వేరే కీబోర్డు కొంటానంటే మావారు "దానికుందిగా, మళ్ళీ ఇంకోటెందుకు?" అన్నారు. అట్లకాడ కూడా చేతికి పట్టి చూసుకునే కొంటాను కదా, ఇదీ అంతే అన్నాను.

కొట్లో రంగుల లైట్లవి చూపించారు. నేను మాత్రం ఒక్కోదాని మీదా వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని కుడి షిఫ్ట్ వెతికాను. చివరికి అంకెల వరుసలు పక్కన లేని 87 మీటల కీబోర్డు తీసుకున్నా. షిఫ్ట్ రెండువైపులా పొడుగ్గా ఉంది. 104 మీటల దాంతో అయితే మౌస్ కోసం చెయ్యి దూరం చాపాలి, భుజం లాగేస్తుంది.

వెనకాల కాళ్ళు మడిచేసి వాడుతున్నా, మణికట్టు వంగకుండా ఉంటుంది. ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలుంటాయి, చూపుడువేళ్ళు అక్కడ ఆనిస్తే మిగతావి వాటంతటవే దొరుకుతాయి. పోపులడబ్బాలో ఆవాలు ఎక్కడున్నాయో మనం చూస్తామా?

నిన్న అత్తయ్యగారు తన పుట్టింటి బావి గురించి చెప్పారు. నేను మీటల వంక చూడలేదు, ఆవిడ మొహంలోకే చూస్తూ రాసుకున్నాను. కాసేపాగి "వింటున్నావా?" అన్నారు.

"వింటున్నానత్తయ్యా, చెప్పండి."

మీరూ కొనేముందు ఓసారి కళ్ళు మూసుకుని చూడండి.