ఆడువారి పెట్టె

మన దేశమునకు రైలుబండి వచ్చిన చరిత్రను చెప్పువారు వంతెనల పొడవును, యంత్రముల బలమును వర్ణింతురు. 1853వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన బొంబాయి నుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడచెను. 1856లో చెన్నపట్టణమున రాయపురము స్టేషను వెలసెను. 1900లో రాజమహేంద్రవరము కడ గోదావరిపై హేవ్‌లాకు వంతెన యేర్పడెను. ఇవన్నియు ఘనకార్యములే. కాని సోదరీమణులారా, నా మనస్సు మాత్రము ఆ బండిలోని యొక చిన్న పెట్టె వైపునకే పోవుచుండును.

1890వ సంవత్సరపు రైల్వే చట్టమున నొక నిబంధన యుండెను. 1891 జనవరి 1వ తేదీ మొదలుకొని ప్రయాణికుల బండి ప్రతిదానియందును, అన్నిటికంటె తక్కువ తరగతిలో, స్త్రీలకు మాత్రమే యొక గదియైనను కేటాయింపవలెను. బండి 50 మైళ్లకు మించి పోవునదైనచో నట్టి గది యొకదానికి మరుగుదొడ్డియు నుండవలెను. ఈ రెండు వాక్యములలో పురుషులకు విశేషమేమియు తోచకపోవచ్చును. చంటిబిడ్డ నొడిలో బెట్టుకొని, దాహమైనను నీరు త్రాగక, దిగువరకు బిగబట్టుకొని కూర్చుండిన స్త్రీకే వాని విలువ తెలియును.

మా అమ్మమ్మ తల్లి కాపురము బెజవాడ. పుట్టినిల్లు గోదావరి కావలి రాజమహేంద్రవరము. నడుమ నున్నది 50 మైళ్లకు మించిన దూరమే. వంతెన లేని దినములలో నదిని పడవపై దాటవలసి యుండెను. ఆమె కాలమునాటికి వంతెన వచ్చెను. పురిటికి పోయినను, పండుగకు పోయినను ఆమెకు ఆడువారి పెట్టెయే దిక్కు. అందు కులమేదని విచారింపక ప్రక్కవారి బిడ్డ నెత్తుకొనుటయు, ఊరగాయ పంచుకొనుటయు, బాలింత పథ్యములు చెప్పుకొనుటయు వృద్ధాప్యమున సైతము ఆమె మురిసి చెప్పుచుండెడిదట. ఇంట పెద్దల యెదుట నోరు మెదపని యామె ఆ బల్లపై కూర్చుండి కడుపార మాటలాడెనట!

హైదరాబాదులోని కాచిగూడ స్టేషనును చూచినపుడు నాకీ ముచ్చటలే స్మరణకు వచ్చును. 1916లో నిజాము పాలనమున కట్టబడిన ఆ మేడకు గుమ్మటములును మినారులును శోభ గూర్చుచున్నవి. పూర్వమచట ఘోషా స్త్రీలకు వేరుగా నేర్పాటు లుండెడివి. ఆ తెర బంధనమా, సౌకర్యమా యని యడిగినచో రెండును నిజమే యందును. పరుల కంట పడరాదను నియమమును నిలిపినది యదియే. ఆ నియమము గల యింటి స్త్రీని బండి యెక్కించినదియు నదియే. గోడను కూల్చలేని కాలము గోడకొక ద్వారము పెట్టినది.

ఆ ద్వారమునుండి మనము చాల దూరము వచ్చితిమి. మన దేశమున రైలు నడిపిన మొదటి స్త్రీగా సురేఖా యాదవు ప్రసిద్ధి గాంచెను. అయినను స్త్రీలకు వేరు చోటు కేటాయింపవలెనను నిబంధన 1989వ సంవత్సరపు చట్టమునను నిలిచియే యున్నది. దాని యవసరము తీరలేదన్నమాట.

హేవ్‌లాకు వంతెనపై బండ్ల రాకపోకలు 1997లో నిలిచిపోయెను. ఇనుమును కాపాడుటకు ప్రభుత్వము కలదు. దానిపై పుట్టిళ్లకు పోయిన స్త్రీల మాటలను కాపాడువా రెవరు? మీ యింట వృద్ధురాలున్నచో, ఆమె మొదటిసారి బండి యెక్కిన దినమును గూర్చి యడిగి వ్రాసి యుంచుడు. రైళ్ల చరిత్రలో మన పాలు అందున్నది.