పట్టా ఎవరి పేరున?

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఆల్క్‌మార్‌కు రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. ఊరి అంచున, హైవే పక్కనే ఏజెడ్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం. 2006లో తెరిచినప్పుడు దీని పేరు డీఎస్‌బీ స్టేడియం. డీఎస్‌బీ అంటే అప్పటి క్లబ్ యజమాని డిర్క్ స్కెరింగా నడిపిన బ్యాంకు. ఇప్పుడు ఆ చోట ఆఫాస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు కనిపిస్తుంది. ధర్మపురి నుంచి ఇంత దూరం వచ్చి ఈ గోడల చుట్టూ తిరగడానికి కారణం, 2007లో ఇదే క్లబ్ పెట్టి 2011లో ఎత్తేసిన మహిళల జట్టు. నాలుగు సీజన్లు ఆడింది, మొదటి మూడింటిలోనూ లీగ్ ఛాంపియన్. నాలుగో ఏడు లీగ్ చేజారినా దేశ కప్పు గెలిచింది. ఓడిపోయే జట్టు మూతపడితే ఎవరూ అడగరు. గెలిచే జట్టును ఎందుకు మూశారన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే.

డచ్ మహిళల లీగ్ 2007లో ఆరు జట్లతో మొదలైంది. ఏజెడ్, ట్వెంటె, ఉట్రెక్ట్, హేరెన్‌వేన్, విల్లెమ్ II, డెన్ హాగ్ జట్లు. అన్నీ మగవాళ్ల ప్రొఫెషనల్ క్లబ్బుల నీడన పుట్టినవే. మైదానం, డాక్టరు, జెర్సీ, పేరు అన్నీ సిద్ధంగా దొరుకుతాయి కాబట్టి దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఆ దారి పట్టింది. ఆ లెక్క తప్పేమీ కాదు. 2009 వసంతంలో ఏజెడ్ మగవాళ్ల జట్టు లూయీ వాన్ గాల్ శిక్షణలో దేశ ఛాంపియన్ అయింది, అదే సీజన్‌లో ఆడవాళ్లూ ఛాంపియన్లే. చిన్న ఊరికి ఒకే ఏడు రెండు కిరీటాలు. ఆ అక్టోబరులోనే డీఎస్‌బీ బ్యాంకు దివాలా తీసింది. క్లబ్ ఖర్చులు తగ్గించుకోవాల్సి వచ్చింది. రెండేళ్లు తిరగకుండానే కత్తెర మహిళల జట్టు మీద పడింది. విల్లెమ్ II కూడా అదే ఏడు తన మహిళల జట్టును వదిలించుకుంది.

ఇది కౌలు సేద్యం కథ. మూడు కార్లు పంట తీసినా పట్టా ఇంకొకరి పేరునే ఉంటుంది. ఆసామి అప్పుల్లో పడితే ముందు పోయేది కౌలుదారు చెలకే. మహిళల జట్టు చేసిన అప్పు కాదది, దాని ఆటలో వచ్చిన లోటు అంతకన్నా కాదు. అయినా వేటు దానిమీదే పడింది, ఎందుకంటే ఆ నిర్ణయం తీసుకున్న గదిలో దానికి కుర్చీ లేదు.

జనం రారు, టికెట్లు అమ్ముడుపోవు, ఎవరైనా ఎన్నాళ్లు మోస్తారు అని అడిగేవాళ్లుంటారు. మాట నిజమే, వచ్చే డబ్బు తక్కువే. కానీ ఖర్చూ అంతే తక్కువ. మగవాళ్ల జట్టు ఆదాయం చూసుకుని నడిచి ఉంటే యజమాని బ్యాంకు పోయినంత మాత్రాన క్లబ్ అంతగా వణికేదే కాదు. ఒకరి నష్టాన్ని పెట్టుబడి అని, ఇంకొకరి నష్టాన్ని దండగ అని రాసుకునే ఖాతా పుస్తకాన్ని నమ్మలేం. పైగా ఫలితం రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 2017లో సొంతగడ్డ మీద, ఎన్‌స్కెడేలో డెన్మార్క్‌ను 4-2తో ఓడించి నెదర్లాండ్స్ మహిళలు యూరప్ ఛాంపియన్లయ్యారు. ఆ జట్టులో డిఫెండర్ డెజిరె వాన్ లుంటెరన్ ఒకప్పుడు ఏజెడ్ క్రీడాకారిణి. ఇంకో రెండేళ్లకు ప్రపంచకప్ ఫైనల్.

మరో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. ట్వెంటె కూడా మగవాళ్ల క్లబ్ నీడలోనే ఉంది, ఆర్థిక కష్టాలు దానికీ వచ్చాయి, అయినా దాని మహిళల జట్టు 2007 నుంచి ఆగకుండా ఆడుతూ పదే పదే గెలుస్తోంది. అంటే నీడ ఒక్కటే చంపదు, ఒప్పుకోవాలి. అయితే ట్వెంటె నిలబడింది అక్కడివాళ్లు నిలబెట్టాలనుకున్నందువల్ల. దయ ఉన్నచోట బతికి, లేనిచోట పోయేదాన్ని ఏర్పాటు అనలేం.

ఆల్క్‌మార్‌లోనే జున్ను అంగడి ఉంది. ఎండాకాలం శుక్రవారాల్లో తూకం ఇంటి ముందు తెల్లబట్టలు, రంగు టోపీలు వేసుకున్న హమాలీలు ఇద్దరిద్దరుగా, భుజాలకు తగిలించిన పట్టీలతో పడవలాంటి చెక్క డోలీని ఎత్తుకుని అదోరకం నడకతో పరుగు తీస్తారు. ధర కుదిరేదాకా బేరగాళ్లు ఒకరి అరచేతిలో ఒకరు చరుచుకుంటారు. ఇప్పుడది ఎక్కువగా పర్యాటకుల కోసమే, అయినా హమాలీల సంఘం 1593 నాటిది. జున్ను ఎవరిదైనా సంఘం మాత్రం హమాలీలది.

ఏజెడ్ వదిలేసిన జట్టును పక్కనున్న టెల్‌స్టార్ తీసుకుంది. 2017లో టెల్‌స్టార్ కూడా వదిలేస్తే వీవీ ఆల్క్‌మార్ పేరుతో మహిళల కోసమే ఒక సంస్థ ఏర్పడి లీగ్‌లో ఆ జట్టు చోటును కాపాడింది. చివరికి 2023లో ఏజెడ్ తిరిగొచ్చి ఆ జట్టును తన పేరున రాయించుకుంది. గడ్డుకాలంలో మోసినవాళ్లు ఒకరు, లీగ్‌కు పేరొచ్చాక జెర్సీ తొడిగింది ఇంకొకరు.

మనకు ఇది దూరపు ముచ్చట అనిపిస్తే 2023లో కేరళ చూడండి. బెంగళూరుతో ప్లేఆఫ్‌లో కేరళ బ్లాస్టర్స్ మగవాళ్లు మైదానం వదిలి వెళ్లిపోయినందుకు క్లబ్‌కు 4 కోట్ల జరిమానా పడింది. కొన్నాళ్లకే ఆ జరిమానా భారం చెప్పి మహిళల జట్టును ఆపేశారు. అప్పటికి దానికి ఏడాది కూడా నిండలేదు. మైదానం వదిలింది ఒకరు, ఆట పోగొట్టుకుంది ఇంకొకరు.

గోదావరి వెంట మనకన్నా ఎగువన ఉన్న నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య గోకులం కేరళకు, 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్‌కు, ఆపైన ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి ఆడింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా అఖిల భారత సమాఖ్య ఎంచుకుంది కూడా. ఇన్ని జెర్సీల్లో తెలంగాణ క్లబ్‌ది ఒక్కటీ లేదు. రేపు ఇక్కడ ఎవరైనా మహిళల జట్టు పెడతామని ముందుకొస్తే కోచ్ ఎవరు, స్పాన్సర్ ఎవరు అనేదానికన్నా ముందు చూడాల్సిన కాగితం రిజిస్ట్రేషన్‌ది. లీగ్‌లో చోటు ఎవరి పేరున ఉంది, క్లబ్ తప్పుకుంటే అది ఆడేవాళ్ల సంఘానికి దక్కుతుందా, ఖాతా విడిగా ఉందా అన్నవి అందులో రాసి ఉండాలి.