ఆయుధపూజకు ముందరి ఆదివారము



ఆయుధపూజ అనగానే మన కన్నుల ముందు మెదలు దృశ్యము ఒకటే. మహానవమి నాడు వాహనమును కడిగి, పసుపు కుంకుమలతో బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చెదము. ఈ సంప్రదాయమునందు నాకు సంపూర్ణమైన గౌరవమున్నది. అయితే మన ఉపచారము వస్తువు యొక్క ఉపరితలమునకే పరిమితమైనచో దానిని పూజ అనవలెనా, అలంకారమనవలెనా అను సందేహము నన్ను చాలకాలము వెంటాడినది. బ్రేకు అరిగిన బండికి ఎంతటి దండ వేసినను ఆ దండ ఎవరిని రక్షించును?

ఆ సందేహము నుండియే మా ఇంటి షెడ్డులో ఒక వార్షిక కార్యక్రమము పుట్టినది. మేముండునది రాజమహేంద్రవరము. నెలకొకమారు గోకవరము, రంపచోడవరముల మీదుగా మారేడుమిల్లి అడవుల వరకు మోటారు సైకిళ్ళపై పోయివచ్చు చిన్న మిత్రబృందము మాది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు సాగినచో ఘాట్ రోడ్డు మొదలగును. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ, నడుమ మలుపులు. అటువంటి త్రోవలో బండి యొక్క క్షేమమే మనిషి యొక్క క్షేమము. కనుక శరన్నవరాత్రములకు ముందు వచ్చు ఆదివారము నాడు అందరును తమ బండ్లతో మా ఇంటికి వచ్చి, పరస్పర సహాయముతో వాటిని విప్పి, శుభ్రపరచి, సరిచేసికొని పోవుట ఆచారమైనది.

మొదటి ఏడు మా వీధిలోని వృద్ధులైన మాస్టారుగారు ఒక ఆక్షేపణ తెలిపినారు. "పెద్దల పక్షం రోజుల్లో ఈ హడావిడి ఏమిటి నాయనా?" అని అడిగినారు. ఆ ఆదివారము మహాలయపక్షములోనే పడును గదా! "మాస్టారూ, ఇది శుభకార్యం కాదండి. పండగకి ముందు ఇల్లు దులుపుకుంటాం కదా, ఇదీ అలాంటిదే" అని విన్నవించితిని. ఆయన క్షణమాలోచించి, "అయితే నా స్కూటరు కూడా తెస్తాను" అన్నారు. నాటి నుండి ఆయనయే మాకు ప్రథమాతిథి.

మన ఇతిహాసములో వాహనరక్షణకు గల స్థానమును ఇచ్చట స్మరింపవలెను. కఠోపనిషత్తు శరీరమును రథముతోను, బుద్ధిని సారథితోను, మనస్సును పగ్గములతోను, ఇంద్రియములను గుఱ్ఱములతోను పోల్చిన సంగతి సాధకులెల్లరకు తెలిసినదే. ఆ రథమును ఎటు నడుపవలెనను విషయమై మనము ఎన్నో ప్రవచనములు వింటిమి. ఇరుసుకు కందెన వేయువాడెవడు అను ప్రశ్న మాత్రము అరుదుగా వినవచ్చును. మహాభారతము దీనికి ఒక అద్భుతమైన సమాధానమిచ్చుచున్నది. ద్రోణపర్వములో సైంధవవధ నాడు సూర్యాస్తమయము లోపల ప్రతిజ్ఞ నెరవేరవలెను. ప్రతి క్షణమును అమూల్యము. అట్టి సమయమున అర్జునుడు రథము దిగి, బాణములతో నేలను చీల్చి జలాశయమును కల్పించి, శత్రువులను నిలువరించుచుండగా, శ్రీకృష్ణ పరమాత్మ గుఱ్ఱములను విప్పి, వాటి దేహములందు నాటిన బాణములను స్వహస్తములతో తీసి, నీరు త్రావించి, అలసట తీర్చి మరల రథమునకు పూన్చినాడు. గీతను బోధించిన ఆ వాక్కునకును, గుఱ్ఱముల గాయములు తుడిచిన ఆ హస్తములకును భేదము లేదు. సమయము లేదను నెపముతో వాహనసంరక్షణను వాయిదా వేయు మనకు ఇంతకు మించిన ఉపదేశమేమి కావలెను?

ఇక కార్యక్రమము యొక్క స్వరూపమును చెప్పెదను. ఇట్టిదానిని తమ ఇంట నిర్వహింపదలచినవారికి ఉపకరింపవచ్చును.

ప్రాతఃకాలమున ఆరు గంటలకే ఆరంభించెదము. దీనికి కారణము సాత్త్విక వేళ యగుట మాత్రమే కాదు. ట్యాపెట్ల మధ్య ఉండవలసిన సందును ఇంజను చల్లగా నున్నప్పుడే కొలువవలెను. వేడెక్కినచో లోహము వ్యాకోచించి కొలత తప్పును. ఇంజను నూనెను మాత్రము కొంత వెచ్చబడిన పిమ్మటనే దింపవలెను. అప్పుడే అది పలుచనై, అడుగున చేరిన మలినమును తనతో తీసికొని పోవును. కనుక మొదట ట్యాపెట్లు, ఆ తరువాత కొద్ది నిమిషములు ఇంజను నడుపుట, పిదప నూనె మార్పు. ఒకే యంత్రమునకు శైత్యమున చేయవలసినది ఒకటి, ఉష్ణమున చేయవలసినది మరియొకటి. కాలమెరిగి చేసిన కర్మమే ఫలించునని పెద్దలు చెప్పిన మాటకు ఇది ప్రత్యక్ష నిదర్శనము.

షెడ్డులో ఒకేసారి మూడు బండ్లకే చోటు. తక్కినవి వేపచెట్టు నీడలో వేచియుండును. విప్పిన బోల్టులు, వాషర్లు కలిసిపోకుండుటకు మా అమ్మగారు ఒక ఉపాయము చెప్పినారు. పాతబడిన ఇడ్లీ రేకులను తెచ్చి, "ఒక్కో గుంటలో ఒక్కో చోటివి వెయ్యండి, వరసగా" అన్నారు. విప్పిన వరుసలో గుంటలు నింపుకొని పోవుట, బిగించునప్పుడు చివరి గుంట నుండి వెనుకకు వచ్చుట. తుదకు విప్పినది మొదట బిగియును. మొదట విప్పినది తుదకు బిగియును. బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయములో భూతముల లయక్రమము సృష్టిక్రమమునకు విపర్యయముగా నుండునని నిర్ణయింపబడినది. ఆకాశము నుండి పృథివి వరకు సృష్టి, పృథివి నుండి ఆకాశము వరకు లయము. ఎన్ని వ్యాఖ్యానములు చదివినను నా మనస్సునకు పట్టని ఆ క్రమము, నూనె మరకలు గల ఇడ్లీ రేకు ముందు కూర్చున్నప్పుడు కరతలామలకమైనది.

బండి తనను గూర్చి తాను చెప్పుకొను భాష ఒకటి కలదు. ప్లగ్గును విప్పి దాని కొనను చూచినచో ఇంజను యొక్క అంతఃస్థితి తెలియును. లేత గోధుమ వర్ణమైనచో దహనము సమముగా నున్నదని అర్థము. నల్లని మసి పట్టినచో పెట్రోలు అధికమైనదనియో, గాలి వడపోత మూసికొనిపోయినదనియో సూచన. తెల్లబడినచో పెట్రోలు చాలక ఇంజను అతిగా వేడెక్కుచున్నదని హెచ్చరిక. అట్లే స్పోకులను చిన్న పానాతో ఒక్కొక్కటిగా మీటినచో, బిగువుగా నున్నవి ఖంగుమని మ్రోగును. వదులైనది మొద్దుగా పలుకును. చక్రము త్రిప్పుచు ఆ ధ్వనిని వినుట శ్రుతి చూచుకొనుటయే. మాలో ఒకరికి పాత ఇనుప సిలిండరు బుల్లెట్టు కలదు. దాని పుష్‌రాడ్లను సరిచేయుటకు కొలత పరికరము కన్న వ్రేళ్ళే ప్రధానము. కడ్డీ వ్రేళ్ళ మధ్య స్వేచ్ఛగా తిరుగవలెను, కాని పైకి క్రిందికి కదలరాదు. బంధము లేదు, శైథిల్యమును లేదు. ఆ స్థితిని వ్రేళ్ళతో తెలిసికొనుటకు మా మిత్రునకు రెండేండ్లు పట్టినది.

నియమములు మూడే. ఇంజను నడుచుచుండగా గొలుసును తుడువరాదు. పళ్ళచక్రము నడుమ గుడ్డ చిక్కినచో వ్రేలు కూడ పోవును. దింపిన నూనె ఒక్క చుక్కయైనను కాలువలో పడరాదు. డబ్బాలలో చేర్చి, పాత నూనెను శుద్ధిచేయు అనుమతి గలవారికే అప్పగింపవలెను. మన కాలువలు గోదావరిలో కలియును. గోదావరిలో మునిగి పాపము పోగొట్టుకొనదలచువారము, ఆ తల్లికే మన మలినమును నైవేద్యము పెట్టరాదు గదా! మూడవది ప్రధానమైనది. బ్రేకును గాని, చక్రమును గాని ఎవరు బిగించినను రెండవవాడొకడు పరీక్షింపవలెను. ఆ రెండవవాడు పానా పట్టరాదు. చూచి, కదిపి, సరియని గాని కాదని గాని చెప్పవలెను. అతనికి మేము 'సాక్షి' అని పేరు పెట్టితిమి. వేదాంతములోని సాక్షి కర్త కాడు, భోక్త కాడు. చేసినవాని అభిమానము అతనిని అంటదు. తన చేతిపని మీద తనకు గల మమకారమే దోషమును కప్పిపుచ్చు ప్రథమ ఆవరణము. అందుకే పరీక్ష మరొకరి కంటికి అప్పగింపబడినది.

మూడవ ఏట ఈ నియమమే మమ్ము పరీక్షించినది.

మా బృందములో నాకన్న పెద్దవారు, నేను అన్నయ్యగారని పిలుచువారు ఒకరు. ఆనాడు ఆయన నూనె మార్చుకొనుటకు మాత్రమే వచ్చినారు. సాయంకాలము కుమార్తెను బండిపై కాకినాడలోని హాస్టలులో దింపవలసియున్నది. సాక్షిగా నున్న యువకుడు ముందు చక్రమును త్రిప్పి, గరగరమను శబ్దము విని, బ్రేకు ప్యాడ్లను విప్పించినాడు. ఒక ప్రక్క ప్యాడు పూర్తిగా అరిగిపోయి, దాని వెనుకనున్న ఉక్కు రేకు డిస్కును చారలు పడునట్లు గీయుచున్నది. ఆదివారము మధ్యాహ్నము, తెరచియున్న ఒకటి రెండు దుకాణములలో ఆ బండికి సరిపడు ప్యాడ్లు లేవు.

"ఇన్నాళ్ళూ నడిచింది కదండీ, ఇంకో పూట నడవదా? రేపు మార్పిస్తాను. బిగించెయ్యండి" అన్నారు ఆయన.

షెడ్డులోని పానాల చప్పుడు ఆగిపోయినది. బండి ఆయనది, కుమార్తె ఆయనది, నిర్ణయమును ఆయనదే. కాని విప్పినది మా చేతులు, చూచినది మా కన్నులు. తెలియనంతవరకు అది ఆయన అదృష్టము. తెలిసిన పిమ్మట అది మా అందరి ధర్మము. "అన్నయ్యగారూ, అమ్మాయిని నేను బస్సెక్కిస్తాను. ఈ బండి మాత్రం ఇవాళ ఈ గుమ్మం దాటదండీ" అంటిని. ఆయన మారు మాట్లాడలేదు. భోజనమునకు కూర్చుండలేదు. కుమార్తెను తానే బస్సులో తీసికొనిపోయినారు. మరుసటి దినము ఒక మెకానిక్కు వచ్చి ప్యాడ్లు మార్చి బండిని తీసికొనిపోయినాడు. ఆయన మాత్రము రాలేదు. అటుపిమ్మట జరిగిన రెండు కార్యక్రమములకును రాలేదు. వీధిలో ఎదురైనచో తల ఊపెదరు, అంతే.

నిష్కామకర్మను గూర్చి మనము మాట్లాడునప్పుడు ఫలమనగా ధనమో, కీర్తియో, స్వర్గమో అని తలంచెదము. వాటిని వదలుట కష్టమని నాకెన్నడును తోచలేదు. ఏలయనగా అవి నా చేతికి వచ్చినవి కావు. ఆనాడు నా చేతిలోనున్న ఫలము ఇరువది ఏండ్ల స్నేహము. పదిమంది తృప్తిగా తిని, నవ్వుచు, మంచి ఆతిథ్యమని మెచ్చుకొని పోవలెనను కోరిక కూడ ఫలాపేక్షయే. అందరికిని ప్రియుడనై యుండవలెనను కాంక్ష సత్కర్మ వేషములో వచ్చును కనుక దానిని గుర్తించుట కష్టము. కర్తవ్యమును చేసిన పిమ్మట దాని ఫలము చేదుగా నున్నను స్వీకరించుటయే ప్రసాదబుద్ధి యని విని యుంటిని. తీపి ప్రసాదమును కన్నుల కద్దుకొనుట ఎవరికైనను సాధ్యమే. అమ్మాయి క్షేమముగా చదువుకొనుచున్నది. ఆనాడు ఆ బండి కదలియున్నచో ఏమయ్యెడిదో, ఏమియు కాకపోయెడిదో ఎవరికిని తెలియదు. ఆ తెలియనితనము కూడ ఆ ప్రసాదములో భాగమే.

1974లో వెలువడిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' అను గ్రంథము లోకప్రసిద్ధము. దాని రచయిత రాబర్ట్ పిర్సిగ్ కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భారతీయ తత్త్వమును అభ్యసించినవాడు. మోటారు సైకిలు మరమ్మతు తత్త్వవిచారణకు తగిన క్షేత్రమని అమెరికా దేశమున ఒకడు గ్రహించుటలో మన కాశికి కొంత భాగము కలదని సంతోషించెదను. అయితే ఆ సత్యమును మన కమ్మరులు, వడ్రంగులు, రథకారులు పుస్తకము లేకయే ఎరుగుదురు. విశ్వకర్మను దైవముగా కొలుచు జాతికి పనిముట్టు జడవస్తువు ఎట్లగును?

సాధకులారా, ఈ మహానవమికి దండ కొనుటకు ముందు ఒక పూట వెచ్చింపుడు. గొలుసు వదులును చూడుడు. చాలా బండ్లకు 20 నుండి 30 మిల్లీమీటర్ల ఆట సరిపోవును, మీ బండి పుస్తకములోని కొలతయే ప్రమాణము. చక్రమును త్రిప్పుచు గొలుసు మిక్కిలి బిగువైన చోటనే కొలువుడు. బ్రేకు కేబులులో తెగిన పోగులున్నవేమో వ్రేలితో తడిమి చూడుడు. మీ ఇంట చోటున్నచో పొరుగువారిని పిలువుడు. పులిహోర, మజ్జిగ సిద్ధముగా నుంచుడు. వచ్చినవారిలో ఒకరిని సాక్షిగా నిలుపుడు. అతడు కాదన్న మాటను, అది ఎవరిని గూర్చియైనను, మన్నింపుడు.

ఈ ఏడు కూడ అన్నయ్యగారికి కబురు పంపితిని. వేపచెట్టు క్రింద వారి బండికి చోటుంచెదము.

స్వస్తి.